మాజీ సైనికుడికి పోలీసు కొలువు: దారి ఎక్కడ సాఫీ, ఎక్కడ ఇరుకు

క్లుప్తంగా: సైన్యంలో 15 ఏళ్లు దాటి చేసి వచ్చే జవానుకు ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో వయసు సడలింపు, కోటా, పరుగులో అదనపు సమయం ఉన్నాయి. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: రాతపరీక్ష, నోటిఫికేషన్ల మధ్య ఏళ్ల తరబడి ఎడం, ఆదేశం మీద నడిచే పని వదిలి చట్టం మీద, కాగితం మీద నడిచే పనికి మారడం. నాలుగేళ్లకే బయటికొచ్చే అగ్నివీరులకైతే మాజీ సైనికుల సౌకర్యాలు వాటంతట అవే రావు.

పోలీసు నోటిఫికేషన్ పడబోతోందన్న మాట వినిపిస్తే చాలు, తిరుపతి తారకరామ స్టేడియంలో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. వాళ్ల మధ్య ముప్పై అయిదు దాటినవాళ్లు కొందరు వేరుగా తెలిసిపోతారు. వీపు నిటారుగా ఉంటుంది, మొదటి రౌండులో ఎంత వేగమో నాలుగో రౌండులోనూ అంతే. ఊళ్లో ‘మిలిట్రీ ఆయన’ అని పిలిపించుకునే మాజీ జవాన్లు వీళ్లు. ఒక యూనిఫాం విప్పి ఇంకొకటి వేసుకోవాలన్న ఆలోచనతో వచ్చినవాళ్లు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇప్పుడు గట్టిగా వినిపించడానికి కారణాలు రెండు. 2022 నవంబరులో వెలువడిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్ తుది ఫలితాలు 2025 ఆగస్టు 1న వచ్చాక, తర్వాతి విడత మీద చర్చ మొదలైంది. అగ్నిపథ్ పథకం కింద చేరిన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు 2026 చివర, 2027 ఆరంభంలో పూర్తవుతాయి. అంటే, ఇకపై ఇరవైల్లోనే బయటికొచ్చే సైనికులు కూడా ఉంటారు.

ముప్పై ఏడేళ్లకే ఇంటికి ఎందుకు

సైన్యానికి కుర్రతనం కావాలి. అందుకే సిపాయిని పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు చేర్చుకుని, నలభై లోపే ఎక్కువమందిని పంపించేస్తుంది. పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. నాయక్, హవల్దార్, సుబేదార్‌గా హోదా పెరిగేకొద్దీ ఇంకొన్నేళ్లు ఉండే వీలుంటుంది. పదోన్నతి రానివాళ్లు, ఇంటి పరిస్థితుల వల్ల ఆగలేనివాళ్లు ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది ఏళ్లకే డిశ్చార్జ్ బుక్ చేతపట్టుకుని రైలెక్కుతారు.

అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు. ఇల్లు కట్టిన అప్పు సగం మిగిలి ఉంటుంది. పింఛను చివరి జీతంలో సగం. మూలవేతనం, మిలిటరీ సర్వీస్ పే కలిపి 40 వేలు ఉన్నవారికి కరువు భత్యం కాక 20 వేలు అనుకోవాలి. అందులో కొంత భాగాన్ని ముందే కమ్యూట్ చేసుకుని, అంటే ఒకేసారి సొమ్ముగా తీసుకుని ఉంటే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది, 15 ఏళ్లయ్యాక గానీ ఆ భాగం తిరిగి కలవదు. చిత్తూరు పల్లెల్లో దీనికి తోడు ఉండేది రెండెకరాల మామిడి తోటో, వానను నమ్ముకున్న వేరుశనగ చేనో, రెండు పాడి ఆవులో. తోతాపురి ధర ఏ యేడు ఎలా ఉంటుందో తోట యజమానే చెప్పలేడు. ఇరవై ఏళ్లకు పైగా పనిచేయగల ఒళ్లు, సగం జీతం, ఎదిగే పిల్లలు. రెండో ఉద్యోగం సరదా కోసం వెతికేది కాదు.

సెక్యూరిటీ గార్డు పని వెంటనే దొరుకుతుంది. అయితే జీతం తక్కువ, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. పోలీసు ఉద్యోగం ప్రభుత్వానిది, సివిల్ కానిస్టేబుల్ అయితే సొంత జిల్లాలోనే ఉండొచ్చు. ఏళ్ల తరబడి సెలవు దొరికితే తప్ప ఇల్లు చూడనివారికి ఈ చివరి మాటే అన్నిటికన్నా బరువైనది.

కోటా ఉంది, పోటీ ఎక్కడ బిగుస్తుంది

రాష్ట్ర సర్వీసు నిబంధనల ప్రకారం నేరుగా జరిగే నియామకాల్లో మాజీ సైనికులకు 2 శాతం కోటా. ఇది సమాంతర రిజర్వేషన్. అభ్యర్థి ఏ సామాజిక వర్గానికి చెందితే ఆ వర్గం పోస్టుల్లోనే సర్దుతారు తప్ప విడిగా ఒక గంప ఉండదు. ఒక జిల్లాలో 200 సివిల్ పోస్టులు ఉంటే లెక్కకు నాలుగు. ‘కోటా ఉంది కాబట్టి వచ్చేస్తుంది’ అనే ధీమాకు ఈ నాలుగు అంకె చాలు సమాధానం.

వయసు విషయంలో నిబంధన ఉదారంగానే ఉంది. సైన్యంలో చేసిన సర్వీసుతో పాటు మరో మూడేళ్లు వయసులోంచి తీసేస్తారు. 38 ఏళ్ల వ్యక్తికి 17 ఏళ్ల సర్వీసు ఉంటే 20 ఏళ్లు పోను 18 ఏళ్లవాడిగా లెక్క. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ గరిష్ఠ వయసు 24 కాగా, ప్రభుత్వం తర్వాత రెండేళ్లు సడలించింది. ఈ లెక్కన ఆ 38 ఏళ్ల మాజీ జవానుకు ఇంకో ఆరు నుంచి ఎనిమిదేళ్లు గడువు ఉన్నట్టు.

దేహదారుఢ్యంలోనూ అంతే. పురుష అభ్యర్థులు 1,600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలి. మాజీ సైనికులకు 9 నిమిషాల 30 సెకన్లు ఇస్తారు. 100 మీటర్లకు 15 సెకన్ల బదులు 16.5, లాంగ్ జంప్‌కు 3.80 మీటర్ల బదులు 3.65. ఆర్మీ ర్యాలీలో దాదాపు ఇదే దూరాన్ని అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు వచ్చేవి. ఆ ర్యాలీ దాటినవాళ్లకు తొమ్మిదిన్నర నిమిషాలు భయపెట్టే అంకె కాదు. మోకాళ్లు దెబ్బతినకుండా చూసుకుంటే చాలు.

బిగుసుకునేది పెన్ను దగ్గర. ప్రిలిమినరీలో 200 ప్రశ్నలు, 200 మార్కులు, మూడు గంటలు. ఇంటర్ స్థాయి అంకగణితం, రీజనింగ్, ఇంగ్లిష్, సైన్స్, చరిత్ర, భూగోళం, పాలన, ఆర్థిక వ్యవస్థ, వర్తమాన విషయాలు. అర్హత మార్కు జనరల్‌కు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు 30. ముప్పై శాతమంటే తేలికే అనిపిస్తుంది. గత విడతలో నాలుగున్నర లక్షలకు పైగా రాశారు, గట్టెక్కింది సుమారు 95 వేల మంది. పైగా అది గుమ్మం మాత్రమే. సివిల్ పోస్టులకు దేహదారుఢ్య పరీక్షలు అర్హత కోసమే, తుది ఎంపిక 200 మార్కుల ఫైనల్ రాతపరీక్ష మీదే జరుగుతుంది. అక్కడ పరుగు ఒక్క మార్కూ కలపదు. ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు బెటాలియన్లు) పోస్టులకు లెక్క వేరు: రాతపరీక్షకు 100, దేహదారుఢ్యానికి 100. సైనికుడి ఒంటికి విలువ ఉన్నది ఈ రెండో దారిలోనే. అయితే పక్కన పరుగెత్తేది ఇరవై రెండేళ్ల కుర్రాడని కూడా గుర్తుంచుకోవాలి.

కోచింగ్‌కు వెళ్లే మాజీ సైనికుల్లో చాలామంది పొద్దున పరుగుకు రెండు గంటలు, రాత్రి పుస్తకానికి ఒక గంట ఇస్తారు. పరీక్ష తీరు చూస్తే ఈ లెక్క తలకిందులుగా ఉండాలి. ఇంటర్ చదివి పద్దెనిమిదేళ్లయినవారికి శాతాలు, కాలం-పని, రక్తసంబంధాల లెక్కలు మొదటి నుంచి నేర్చుకోవాల్సినవే.

ఏళ్ల ఎదురుచూపు

వయసు సడలింపు కాగితం మీద ఎంత బాగున్నా, దాన్ని తినేసేది కాలం. 2018లో ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాతిది నాలుగేళ్లకు, 2022 నవంబరులో. దాని ప్రిలిమినరీ 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు ఏమీ కదల్లేదు. ఫైనల్ రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో.

2019లో 37 ఏళ్లకు డిశ్చార్జ్ అయిన జవానును ఊహించుకుంటే, 2018 విడత అతనికి అందలేదు. 2022లో దరఖాస్తు చేసేనాటికి నలభై. ఎంపిక జాబితా వచ్చేనాటికి నలభై మూడు. ఇంత కాలం ఇంట్లో ఖాళీగా కూర్చుని చదివే వెసులుబాటు ఎవరికీ ఉండదు. బ్యాంకు గార్డుగానో, కంపెనీ గేటు దగ్గరో చేరతారు, పన్నెండు గంటల డ్యూటీ పడుతుంది, పుస్తకం పక్కకు పోతుంది. అర్హత ఉండీ పోటీలో నిలవలేకపోవడానికి తెలివి కన్నా ఈ చక్రమే ఎక్కువ కారణమని చెప్పాలి.

ఆదేశం ఒకటి, అధికారం ఒకటి

ఉద్యోగం వచ్చిందనుకుందాం. అసలు మార్పు అక్కడ మొదలవుతుంది. రెండూ యూనిఫాం, పరేడ్, సెల్యూట్ ఉన్న కొలువులే కాబట్టి ఒకటి వస్తే ఇంకొకటి వచ్చినట్టేనన్న నమ్మకం బలంగా ఉంది. అది సగమే నిజం.

రాజ్యాంగమే రెంటినీ వేరు చేసింది. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితాలోని మొదటి రెండు అంశాలు. రక్షణ కేంద్రానిది. సైన్యం ఎదుర్కొనేది శత్రువును. పోలీసు ఎదుర్కొనేది పౌరుణ్ని, ఆ పౌరుడు దొంగే అయినా సరే. సైనికుడు జట్టులో పనిచేస్తాడు. పదిమంది సెక్షన్, దానికొక కమాండర్, పైన ప్లటూన్, కంపెనీ. ఆదేశం పైనుంచి వస్తుంది, బాధ్యత ఆ వరస వెంటే పైకి వెళ్తుంది. కానిస్టేబుల్ బీట్‌లో చాలాసార్లు ఒక్కడే. రాత్రి ఒంటిగంటకు లీలామహల్ సర్కిల్ దగ్గర ఇద్దరు కొట్టుకుంటుంటే ఎవర్ని ఆపాలి, ఎవర్ని స్టేషన్‌కు తీసుకెళ్లాలి, ఎవర్ని మందలించి ఇంటికి పంపాలి అన్నది ఆ నిమిషంలో అతనే తేల్చుకోవాలి.

ఆ నిర్ణయానికి చట్టం గీసిన గీతలు దట్టంగా ఉంటాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 35వ సెక్షన్ ఎప్పుడు వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చో, ఎప్పుడు నోటీసు ఇచ్చి వదలాలో చెబుతుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో రాయాలని 2014లో ఆర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరెస్టయినవారిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. గుంపును చెదరగొట్టమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి, ఆయన లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారికి ఉంది. కానిస్టేబుల్‌కు లేదు. సైన్యాన్ని పిలవడం ఆ తర్వాతి మెట్టు, దానికి వేరే సెక్షన్ ఉంది.

సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం అమల్లో ఉన్న ప్రాంతాల్లో ఏళ్లు గడిపి వచ్చినవారికి ఈ తేడా మరీ పెద్దది. అక్కడ కేంద్రం అనుమతి లేకుండా జవాను మీద కేసు నడపడానికి వీల్లేదు. ఇక్కడ పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ తప్పనిసరి అని 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత ఏడు నెలలకే, 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. తిరుపతి జిల్లాలో ఆయుధం పట్టే ఏ పోలీసైనా ఈ నేపథ్యంలోనే పనిచేస్తాడు.

ఒక దుంగ, పది కాగితాలు

మాట కన్నా పని చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. చంద్రగిరి వైపు అడవి అంచున తెల్లవారుజామున ఎర్రచందనం దుంగలతో వెళ్తున్న వ్యాను దొరికిందనుకుందాం. ఈ పనిలో సైనికుడి అనుభవానికి సాటి లేదు. చీకట్లో చప్పుడు లేకుండా కూర్చోవడం, కాలిబాట గుర్తుపట్టడం, వాగు దాటే చోటు ముందే అంచనా కట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. స్మగ్లర్ల కోసం తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉన్నదీ ఇలాంటి పనికే.

వ్యాను ఆగిన తర్వాతే కేసు మొదలవుతుంది. ఇద్దరు మధ్యవర్తులను పిలవాలి, సాధ్యమైనంత వరకు స్థానికులను. సోదా, స్వాధీనం మొత్తం ఆడియో-వీడియో తీయాలని కొత్త సంహితలోని 105వ సెక్షన్ చెబుతోంది. ఒక్కో దుంగకు అంకె వేసి, పొడవు, చుట్టుకొలత, బరువు రాయాలి. వ్యాను నంబరు, సెల్‌ఫోన్లు, దొరికిన డబ్బు, సమయం, చోటు, అక్కడికి ఎలా చేరుకున్నారు, అన్నీ మధ్యవర్తుల నివేదికలో ఎక్కాలి. జనం ఇప్పటికీ మహజరు అనే ఆ కాగితం మీద అందరి సంతకాలు పడాలి. స్టేషన్‌కు వచ్చాక జనరల్ డైరీలో ఎంట్రీ, ఎఫ్‌ఐఆర్, సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ నెట్‌వర్క్‌లో నమోదు, రిమాండ్ రిపోర్టు, వైద్య పరీక్ష, కోర్టు.

రెండేళ్ల తర్వాత కేసు విచారణకు వస్తుంది. బోనులో నిలబడ్డ కానిస్టేబుల్‌ను డిఫెన్స్ లాయరు అడిగే ప్రశ్నలు అడవి గురించి ఉండవు. ‘స్టేషన్ నుంచి ఎన్నింటికి బయల్దేరారు? జీడీలో 4.10 అని ఉంది, మహజరులో 3.50కే అక్కడున్నట్టు ఉందే?’ ఇరవై నిమిషాల తేడాకు జవాబు లేకపోతే రాత్రంతా కాచిన శ్రమ అక్కడే చెదిరిపోతుంది. సైనికుడు పట్టుకోవడంలో గెలుస్తాడు. పోలీసు రాయడంలోనూ గెలవాలి.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని ఇబ్బంది ఒకటుంది: తెలుగు రాత. పదిహేడేళ్లు హిందీలో మాట్లాడి, ఇంగ్లిష్ ఫారాలు నింపినవారికి తెలుగు చదవడం మిగులుతుంది గానీ ఒత్తులు, దీర్ఘాలు చేతికి రావు. స్టేషన్‌లో వాంగ్మూలాలు, మహజర్లు, ఫిర్యాదులు తెలుగులోనే నడుస్తాయి. స్టేషన్ రైటర్ అయ్యేవాళ్లకు ఇదే ప్రాణం. మరోవైపు, అదే మాజీ జవానుకు హిందీ ధారాళంగా వస్తుంది, కొందరికి తమిళం, కన్నడం కూడా. ఉత్తరాది యాత్రికుడు రైల్వేస్టేషన్‌లో పిల్లాడు తప్పిపోయాడని ఏడుస్తూ వచ్చినప్పుడు ఆ హిందీ విలువ తెలుస్తుంది.

బందోబస్తు: శత్రువు లేని ముందు వరుస

తిరుపతిలో పోలీసు పనిలో పెద్ద వాటా బందోబస్తుదే. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, కొండ కింద గంగమ్మ జాతర, ఇవి కాక ప్రముఖుల రాకపోకలు ఏడాది పొడవునా. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి వాహనశ్రేణి మీద మందుపాతర దాడి జరిగాక భద్రత తీరే మారిపోయింది. దాడిని పసిగట్టే చూపు, అనుమానాస్పద వస్తువు ముట్టకుండా దూరం పాటించే అలవాటు సైన్యం నుంచి వచ్చినవారికి అదనపు బలం.

జనసమ్మర్దం మాత్రం వేరే విద్య. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో గుమిగూడిన భక్తుల మధ్య జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. తొక్కిసలాటలో దాడి చేసేవాడు ఉండడు. ముందున్నవాడికి వెనక ఏం జరుగుతోందో తెలియదు, వెనకున్నవాడికి ముందు గేటు మూసి ఉందని తెలియదు. చదరపు మీటరులో నిలబడ్డ మనుషుల సంఖ్య ఒక హద్దు దాటితే గుంపు మనుషుల్లా కాక నీళ్లలా కదులుతుంది. ఆ క్షణంలో గట్టిగా అరిచి ఆదేశమిస్తే పని జరగదు, ఒక్కోసారి కీడే జరుగుతుంది. ముందే చిన్న చిన్న గుంపులుగా విడగొట్టడం, బయటికి దారి ఖాళీగా ఉంచడం, మైకులో నిదానంగా ఒకే మాట పదేపదే చెప్పడం, వృద్ధులను ముందే పక్కకు తీయడం, ఇవే ప్రాణాలు కాపాడేవి. కల్యాణి డ్యాం పోలీసు శిక్షణ కళాశాల లాంటి చోట తొమ్మిది నెలల శిక్షణలో డ్రిల్లు, ఆయుధాలు మాజీ సైనికుడికి తెలిసినవే. చట్టం క్లాసు, జనంతో మెలగడం, కేసు రాయడం, ఈ మూడే అతను కొత్తగా కూర్చుని నేర్చుకోవాల్సినవి.

స్టేషన్‌కు వచ్చే మామూలు ఫిర్యాదుల్లో భార్యాభర్తల గొడవలు, గట్టు తగాదాలు, చిట్టీ డబ్బు ఎగవేతలు ఎక్కువ. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీల్లోనూ భూమి తగాదాలే కనిపిస్తాయి. ఇందులో చాలావరకు సివిల్ వ్యవహారాలు, పోలీసు తీర్పు చెప్పే వీలు లేదు. ఊళ్లో మిలిట్రీ ఆయన మాటకు పంచాయితీలో విలువ ఉండొచ్చు. ఖాకీ వేసుకున్నాక అదే పెద్దరికం హద్దు దాటితే మెమో అందుతుంది.

హోదా, జీతం, పింఛను

పదిమందికి కమాండరుగా చేసిన హవల్దార్ కానిస్టేబుల్‌గా చేరితే మళ్లీ మొదటి మెట్టే. ఇరవై ఆరేళ్ల ఎస్సైకి సెల్యూట్ చేయాలి. స్టేషన్‌లో అధికారులు ఎవరూ లేనప్పుడు ఇన్‌చార్జిగా ఉండే అవకాశం చట్టప్రకారం కానిస్టేబుల్‌కు పైహోదా వారికే. కొంతమందికి ఇది మొదటి ఏడాదిలోనే మింగుడుపడదు. ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి.

డబ్బు లెక్క మాత్రం అనుకూలమే. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ వేతన స్కేలు 25,220 నుంచి 80,910 దాకా. సైన్యం పింఛను దీనివల్ల ఆగిపోదు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం, క్యాంటీన్ సౌకర్యాలు పింఛనుదారుగా కొనసాగుతాయి. రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2022 నుంచి 62 కాబట్టి, 40 ఏళ్లకు చేరినా 22 ఏళ్ల సర్వీసు దక్కుతుంది, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై దాకా వెళ్లే వీలుంది. రెండో ఉద్యోగానికి పాత పింఛను వర్తించదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారంతా కాంట్రిబ్యూటరీ పింఛను కిందికి వస్తారు, మూలవేతనం, కరువు భత్యంలో 10 శాతం కోత ఉంటుంది. సెలవుల్లో తేడా గట్టిగా తెలుస్తుంది. సైన్యంలో ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ ఉండేవి. పోలీసులకు 2019 జూన్‌లో వారానికి ఒక రోజు సెలవు ప్రకటించారు గానీ బందోబస్తులు మీదపడినప్పుడు అది నిలబడటం కష్టం. ఇంటికి దగ్గరగా ఉంటారు, ఇంట్లో ఉండేది మాత్రం అనుకున్నంత కాదు.

అగ్నివీరుల లెక్క వేరు

నాలుగేళ్లు చేసి బయటికొచ్చే అగ్నివీరుడికి సేవానిధి కింద వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్, క్యాంటీన్ లేవు. కాబట్టి పైన చెప్పిన 2 శాతం కోటా, 30 శాతం అర్హత మార్కు అతనికీ ఉంటాయని లెక్క వేసుకోవడం పొరపాటు, దానికి ప్రత్యేక ఉత్తర్వు కావాలి. కేంద్రం 2022 జూన్‌లోనే కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, అస్సాం రైఫిల్స్‌లో 10 శాతం కోటా ప్రకటించింది. హర్యానా 2024లో, ఉత్తరప్రదేశ్ 2025లో తమ పోలీసు ఉద్యోగాల్లో కోటా ప్రకటించాయి. బ్యాచ్‌లో 25 శాతం దాకానే సైన్యం అట్టిపెట్టుకుంటుంది గనుక మిగతా ముప్పావు వంతు ఏ దారి పడుతుందన్నది రాష్ట్రాల నిర్ణయాల మీద చాలావరకు ఆధారపడింది.

అగ్నివీరుడికి ఉన్న బలం వయసు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు చదువు మరిచిపోయి నాలుగేళ్లే అవుతుంది. పింఛను ఆసరా లేకపోవడం వల్ల ఒకటి రెండు నోటిఫికేషన్ల కోసం ఆగే ఓపిక మాత్రం పెద్దవారి కన్నా అతనికే తక్కువ.

పక్కనున్న దారులు, ముందు చేసుకోవాల్సిన పని

సివిల్ స్టేషన్ పని నచ్చనివారికి ఏపీఎస్పీ సైనిక జీవితానికి దగ్గరగా ఉంటుంది. కంపెనీలు, బ్యారక్‌లు, కలిసి కదలడం. వెంకటగిరిలోని 9వ బెటాలియన్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. ఎన్నికలకో, అల్లర్లకో రాష్ట్రమంతా పంపుతారు కాబట్టి ఇల్లు మళ్లీ దూరమవుతుంది. కేంద్ర బలగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ అందులోదే. పాత యూనిఫామే కావాలనుకునేవారికి రక్షణ సంస్థలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ ఉంది. రాతపరీక్షల పోటీ అక్కడ ఇంత ఉండదు.

డిశ్చార్జ్‌కు ఏడాది ముందు నుంచీ కదిలినవారికీ, ఇంటికొచ్చాక మొదలుపెట్టినవారికీ తేడా కనిపిస్తుంది. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు, పునరావాస డైరెక్టరేట్ కోర్సులు, డిశ్చార్జ్ బుక్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో చూసుకోవడం, ఇవన్నీ యూనిట్‌లో ఉండగానే తేలాలి. అక్షరం తేడా ఉంటే రికార్డ్ ఆఫీసుకు అక్కడి నుంచే రాయించడం సులువు. స్థానికత నిరూపించే స్టడీ సర్టిఫికెట్ల కోసం చదివిన బడికి వెళ్లాలి. కొన్ని పల్లెల్లో ఆ బడి వేరే బడిలో కలిసిపోయి ఉంటుంది, అడ్మిషన్ రిజిస్టర్ ఎక్కడుందో పాత హెడ్మాస్టరు చెబితే గానీ తెలియదు. సర్టిఫికెట్ల పరిశీలనకు వారం ముందు ఆ రిజిస్టర్ వెతుక్కుంటూ మండలాఫీసుల చుట్టూ తిరిగే కన్నా, చివరి వార్షిక సెలవులో ఒక రోజు దానికి పెట్టడం మేలు.